పిట్టను చూశాం సరే, ఊరి పేరు రాయాలా?

రాసేవారు: కాగితం మీద లేని పక్షి సర్కారు లెక్కలో లేనట్టే, మాస్టారూ. సోంపేట బీలనే తీసుకోండి. నీరు నిలిచే నేల అది. చుట్టుపక్కల ఊళ్ళకి చేపలు, పశువుల మేత, సాగునీరు ఇచ్చే నేల. థర్మల్ కేంద్రం కోసం తయారైన కాగితాల్లో అదే నేల పనికిరాని బీడైపోయింది. 2010 జులై 14న అక్కడ తుపాకులు పేలి మనుషులు పోయాక గానీ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన అనుమతిని కొట్టెయ్యలేదు. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, టెక్కలి వైపు, అలాంటి నీటి నేలే అయిన కాకరాపల్లి తంపరలో మళ్ళీ కాల్పులు. ఆ రెండు చోట్లా ఏ జాతి పక్షి ఎప్పుడు వస్తుందో, ఎన్ని వస్తాయో తేదీలతో సహా ఇరవయ్యేళ్ళ లెక్క ఎవరి దగ్గరైనా ఉండుంటే, ‘బీడు’ అని రాయడం అంత తేలికయ్యేదా?

దాచేవారు: అయ్యేది బాబూ. ఉన్న నీళ్ళని లేవని రాసినవాడు పిట్టల జాబితా చూసి ఆగుతాడా? బీలని నిలబెట్టింది ఏ పక్షుల లెక్కా కాదు. రైతులు, జాలర్లు రోడ్డు మీద కూర్చుని నిలబెట్టుకున్నారు. ఇక రెండో మాట. తేలినీలాపురంలో ఇళ్ళ మధ్య చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు తరాల నుంచి గూళ్ళు కడుతున్నాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలదీ అదే కథ. వాటిని కాపాడమని ఊళ్ళకి ఎవరూ రిపోర్టు పంపలేదు. అవి వస్తే వానలు పడతాయి, పంటలు పండుతాయి, రాకపోతే కీడు అని పెద్దలు నమ్మారు. ఆ నమ్మకమే కాపలా కాసింది. పిట్టల్ని నమోదు చేసే మీ ఫోన్ యాప్‌లకి ఇంకా ఇరవయ్యేళ్ళు సరిగ్గా నిండలేదేమో, ఈ నమ్మకం వయసు ఎంతో ఊళ్ళో ముసలాళ్ళకే తెలీదు.

రాసేవారు: ఆ నమ్మకాన్ని నేను చిన్నచూపు చూడను. కానీ అదే ఊళ్ళో అడగండి, ఈ పిట్టలు ఎక్కణ్ణుంచి వచ్చాయని. సైబీరియా నుంచి అంటారు. పేపర్లలోనూ ఏటా అదే రాస్తారు. గూడబాతూ, ఎర్రకాళ్ళ కొంగా, నత్తగుల్ల కొంగా సైబీరియా మొహం చూసినవి కావు. మూడూ దక్షిణాసియా పక్షులే. నీళ్ళని బట్టి, తిండిని బట్టి ఎక్కువగా ఈ చుట్టుపక్కలే అటూ ఇటూ తిరుగుతాయి. ఈ తప్పు వల్ల నష్టం లేదనుకోకండి. సైబీరియా చుట్టాలైతే గూడు ఉన్న ఆ నాలుగు చెట్లు కాపాడితే మన బాధ్యత తీరిపోతుంది. మన పక్షులే అయితే? రోజూ అవి మేతకెళ్ళే చెరువు మనది, నౌపడ తంపర మనది, వరి మళ్ళల్లో కొట్టే పురుగుమందు మనది. చెట్టు మిగిలి, తంపర పోతే గూడు ఖాళీయే. ఈ సంగతి పక్షి కదలికలు రాసుకున్నవాళ్ళకి తప్ప తెలిసే దారి లేదు.

దాచేవారు: ఇది ఒప్పుకుంటాను. నేనూ చిన్నప్పుడు సైబీరియా అనే చదువుకున్నాను. పిల్లలకీ అదే చెప్పాను. కానీ బాబూ, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని ఎలా చూసుకుంటామో ఆ పిట్టల్ని అలా చూసుకున్నారు ఆ ఊళ్ళవాళ్ళు. ఎక్కణ్ణుంచి వచ్చిందో తప్పు చెప్పారేమో గానీ, ఎలా చూసుకోవాలో తప్పు చెయ్యలేదు. మీరు నిజం చెప్పండి, వద్దనను. నా పేచీ ఆ నిజంతో పాటు మీరు పెట్టే గుర్తు మీద. ఈ చెట్టు, ఈ గట్టు, ఇంత అక్షాంశం, ఇంత రేఖాంశం అని ఫోన్ తనంతట తానే నమోదు చేసేస్తుంది చూశారా, దాని మీద. గుత్తి సాలీడు సంగతి తెలుసా?

రాసేవారు: నీలం రంగుది కదా.

దాచేవారు: అదే. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక్క నమూనాతో 1899లో పేరు పెట్టారు. ఆ తర్వాత నూరేళ్ళు దాని ఊసే లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్ళీ కనపడింది. ఆ కబురు అచ్చయింది. ఎంతో కాలం పట్టలేదు, పెంపుడు జంతువుల మోజున్నవాళ్ళ కోసం విదేశాలకి తరలిపోయింది. అంతరించే దశలో ఉందని పక్కన రాస్తూనే, ఇంకో పక్క అమ్ముతున్నారు. అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి అది ఎక్కేసరికి 2019. చైనాలో ఒక బల్లికీ ఇదే గతి పట్టింది. శాస్త్రవేత్తలు వర్ణించి, చోటు చెప్పారు. పట్టుకునేవాళ్ళు ఆ వ్యాసాన్నే చేతిలో పట్టుకుని వెళ్ళారు. 2017లో ‘సైన్స్’ పత్రికలో ఇద్దరు శాస్త్రవేత్తలే రాశారు కదా, అరుదైన జీవుల చోటు అచ్చెయ్యకండి అని. నేను కనిపెట్టిన భయం కాదిది.

రాసేవారు: కాదు. నిజమైన భయమే. కానీ మీరు గుత్తి చెప్పారు, నేను కడప చెబుతాను. కలివి కోడి. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళకి దొరికింది. దాని కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ తవ్వకం దాని పొదల్లోకి చొచ్చుకొచ్చింది. అది రాత్రిపూట తిరిగే పక్షి, మామూలుగా కనపడదు. మరి ఉందని ఎలా చూపించాలి? పొదల మధ్య మెత్తటి మట్టి జల్లెడ పట్టి పరిచి, తెల్లారి వెళ్ళి కాలిముద్రలు చూశారు. మూడు వేళ్ళ అచ్చు కొలిచి, ఇది తీతువుదా, కలివి కోడిదా అని తేల్చారు. కెమెరాలు పెట్టారు. ఫలానా చోట ఫలానా రాత్రి నడిచిందన్న ఆ కాగితాలతోనే కాలువ దారి మార్పించారు. అక్షాంశం రేఖాంశం లేకుండా ఏ ఇంజనీరూ కాలువని వంచడు, మాస్టారూ.

దాచేవారు: బాగుంది. మరి 1986లో దొరికిన ఆ పిట్ట ఏమైంది?

రాసేవారు: పట్టుకున్నది బతకలేదు.

దాచేవారు: పట్టింది ఎవరు?

రాసేవారు: ఆ ఊరివాడే. పిట్టలు పట్టడం తెలిసినవాడు.

దాచేవారు: చూడండి మరి. ఎనభై ఏళ్ళకి పైగా లోకానికి కనపడని పక్షి ఆ అడవి మనిషికి తెలుసు. ఆయనకి అది ‘తిరిగి దొరకడం’ కాదు, ఎప్పుడూ పోలేదు. మీ రికార్డు ఆయన కన్నుతో మొదలై, ఆయన చెయ్యి దాటి వెళ్ళిపోయింది. ఎన్ని చోట్ల ఇలాగే జరగలేదు? ఊరివాడు చూపిస్తాడు, పట్నంవాడు రాసుకుంటాడు. తర్వాత అభయారణ్యం అంటారు, కంచె వేస్తారు, మేకలు తోలుకొస్తే జరిమానా. రాయడం వల్ల పక్షికి మేలు జరిగిందేమో. చూపించినవాడికి ఏం మిగిలిందో ఆ కాగితంలో ఉండదు.

రాసేవారు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయినా ఒకటి చెప్పాలి. తేలినీలాపురంలో 2021–22 చలికాలంలో గూడబాతులు రాలిపోయాయి గుర్తుందా? వందకి పైగా పోయాయి. పేగుల్లో పురుగులు చేరాయని పరీక్షల్లో తేలింది. అదే చెట్ల మీద ఉన్న ఎర్రకాళ్ళ కొంగలకి ఏమీ కాలేదు. తిన్న చేపలో, చేప పెరిగిన నీళ్ళలో ఏదో తేడా ఉందని అక్కణ్ణుంచి వెతకాలి. ఏ జాతివి, ఎన్ని, ఏ రోజు అన్న లెక్కే లేకపోతే ఇది ‘ఏదో కీడు జరిగింది’ దగ్గరే ఆగిపోయేది. శాంతి చేయించి ఊరుకునేవాళ్ళం. తిత్లీ తుపాను సంగతీ అంతే. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో ఎన్ని కొబ్బరి చెట్లు పడ్డాయో పరిహారం కోసం ఇంటింటికీ తిరిగి లెక్క రాశారు. గూళ్ళ లెక్క తుపానుకి ముందు ఉంటేనే కదా, తర్వాత ఎంత పోయిందో చెప్పగలం.

దాచేవారు: తేలినీలాపురంలో చచ్చినవాటిని ఏరి లెక్కపెట్టింది అటవీ శాఖ కాపలాదార్లు, ఊరి జనం. వాళ్ళు లెక్కపెట్టాలి, డాక్టర్లకి చెప్పాలి. అందులో మనకి తగువు లేదు. కాపలాదారు పుస్తకంలో రాసుకునేది వేరు, ఊరూ పేరూ లేని లక్షమంది ఫోన్లలో తెరుచుకునేది వేరు.

మీ వాళ్ళ పిచ్చి నేను కళ్ళారా చూశాను బాబూ. ఎవరో ఒక అరుదైన పిట్ట చూశానని పెడతాడు. తెల్లారేసరికి విశాఖ నుంచి కార్లు. భుజాన ఫిరంగుల్లాంటి లెన్సులు. పిట్ట ఆకు చాటునుంటే దాని కూతే ఫోన్‌లో వేసి పిలుస్తారు. అది ఇంకో మగ పిట్ట తన చోటుకొచ్చిందనుకుని, తిండి మానేసి, కంగారుగా బయటికొస్తుంది. వీళ్ళకి ఫొటో దొరికింది. ఎర్రకాళ్ళ కొంగ మిట్టమధ్యాహ్నం గూటి అంచున నిలబడి, రెక్కలు విప్పి పిల్లలకి నీడ పడుతుంది, చూశారా ఎప్పుడైనా? ఎండ ఎటు తిరిగితే అది అటు తిరుగుతుంది. ఆ సమయంలో కింద నుంచి డ్రోన్ ఎగరేస్తే తల్లి లేస్తుంది. ఇంకా ఈకలు రాని పిల్ల ఆ ఎండలో ఎంతసేపు ఉంటుంది? గూడబాతు పిల్లయితే బెదిరి చెట్టు మీంచి కిందే పడుతుంది. ఇందులో వేటగాడు ఎక్కడున్నాడు? అందరూ పక్షి ప్రేమికులే.

రాసేవారు: ఈ జబ్బు మాలో ఉంది. లేదంటే అబద్ధం. జాబితాలో అంకె పెంచుకోవాలన్న తాపత్రయం. ఇంకో మాట కూడా నేనే చెబుతాను, మీరు అడక్కముందే. అరుదైన పక్షి కబురు సైన్సుకి పనికొచ్చేది చాలా తక్కువ. దారి తప్పి వచ్చిన ఒక్క పిట్టని చూసి ఏం తేల్చగలం? 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదిక మూడు కోట్ల నమోదుల మీద నిలబడింది. సుమారు ముప్పైవేల మంది పంపినవి. 942 జాతుల సంగతి అందులో చూశారు. అందులో బలం అరుదైనవాటిది కాదు. గోరింక, తీతువు, ఉల్లంకి పిట్ట, చెరువు కొంగ, ఇలాంటివాటిని విసుగు లేకుండా రాసినవాళ్ళది. ఏమీ కనపడని రోజు కూడా ‘ఇంతసేపు చూశాను, ఇది లేదు’ అని రాస్తే అదీ నమోదే.

నౌపడ ఉప్పుమళ్ళ గట్టు మీద ఒక పూట నిలబడితే మీకే తెలుస్తుంది. నీళ్ళంచున చిన్న పిట్టలు, అన్నీ మట్టిరంగువే, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ పరిగెడతాయి. ముందు పదింటిని లెక్కపెడతాం. ఆ పదీ ఎంత చోటు ఆక్రమించాయో కంటితో కొలుచుకుంటాం. అలాంటి చోట్లు ఎన్నున్నాయో చూసుకుంటూ పోతాం. మధ్యలో డేగ నీడ పడుతుంది. అన్నీ ఒక్కసారి లేచి, తెల్ల పొట్ట ఒకసారి, గోధుమ వీపు ఒకసారి కనపడేలా తిరిగి ఇంకో మడిలో వాలతాయి. మళ్ళీ మొదటినుంచి. ఇందులో ఫొటోకి పనికొచ్చేదేమీ లేదు. ఏటా జనవరిలో చేసే నీటిపక్షుల లెక్క 1987లో మొదలై, ఇప్పుడు ఆసియా అంతటా జరుగుతోంది, ఇలాగే. ఈ పని చేసేవాడి వల్ల ఏ గూడూ చెడదు.

దాచేవారు: ఇది నచ్చింది. కానీ ఇక్కడే నాకు అసలు భయం. మీ నమోదుల పటం చూశాను. విశాఖ చుట్టూ చుక్కలే చుక్కలు. ఇటు శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చేసరికి పలచబడిపోతాయి. ఆ చుక్కలు పక్షులున్న చోట్లు కావు. కారూ బైనాక్యులర్లూ సెలవూ ఉన్నవాళ్ళు వెళ్ళిన చోట్లు. మరి ఖాళీగా ఉన్న చోటుని రేపు ఒక కన్సల్టెంటు ఎలా చదువుతాడు? ‘అంతర్జాతీయ సమాచార కోశంలో ఈ ప్రాంతంలో చెప్పుకోదగ్గ పక్షులు నమోదు కాలేదు’ అని ఒక్క వాక్యం. అబద్ధం ఆడక్కర్లేదు కూడా. వెనక బీడు అని రాయడానికి అబద్ధం ఆడాల్సొచ్చింది. ఇప్పుడు మీ ఖాళీయే ఆ పని చేసిపెడుతుంది. రాసిన చోటుకి రక్షణ వస్తుందో రాదో గానీ, రాయని చోటుకి మాత్రం శిక్ష ఖాయం.

రాసేవారు: ఇంత గట్టి మాట ఈ విషయంలో నేను వినలేదు, మాస్టారూ. కానీ అది నా వైపుకే వస్తుంది. ఖాళీ ప్రమాదమైతే నింపాలి. ఎచ్చెర్లలో విశ్వవిద్యాలయం ఉంది, పక్కనే ట్రిపుల్ ఐటీ ఉంది. వేలమంది పిల్లలు ఈ ఒక్క మండలంలోనే చదువుకుంటున్నారు. మన పక్క మండలం రణస్థలంలో కొవ్వాడ. ఒక్కోటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు అణు రియాక్టర్లు వస్తాయంటున్నారు. ఆ తీరం ఇసుక మీద చలికాలం ఏ ఉల్లంకి పిట్టలు దిగుతున్నాయో ఇప్పుడు రాసుకోకపోతే, గోడ కట్టాక లోపలికి ఎవరు రానిస్తారు? మూలపేట పోర్టుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. నౌపడ తంపరకి ఎంత దూరం అది? పోర్టు వద్దనే వాదన కాదు నాది. ముందు ఏముందో రాసి ఉంటేనే, తర్వాత ఏం పోయిందో అడగ్గలం.

మన్యంలో ఇది జరిగింది కూడా. విశాఖ ఏజెన్సీ అడవుల్లో కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు ఏళ్ళ తరబడి తిరిగారు. ఈశాన్య భారతంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండే ఒక చిన్న గోధుమరంగు పిట్టకి ఇక్కడ, అంత దూరాన, విడిపోయిన శాఖ ఉందని తేలింది. 1985లో దానికి ఆయన పేరే పెట్టారు. ఆయన రాయకపోతే ఆ అడవి అంత ప్రత్యేకమని ఎలా తెలిసేది?

దాచేవారు: ఆయన ఫోన్ పట్టుకుని పరిగెత్తలేదు బాబూ. ఏళ్ళు తిరిగారు, చూశారు, సరిచూశారు, అప్పుడు రాశారు. మధ్యలో ఆ కాలవ్యవధే పక్షికి రక్షణ. మీరిప్పుడు చూసిన నిమిషంలోనే పంపేస్తున్నారు.

రాసేవారు: దానికి ఏర్పాటు ఉంది. బాగా ప్రమాదంలో ఉన్న జాతులైతే చోటు బయటికి చూపకుండా దాస్తారు. వింతగా ఉన్న నమోదుని ఆ ప్రాంతం తెలిసినవాళ్ళు సరిచూస్తారు. గూడు కట్టే కాలం అయ్యేదాకా ఆగి పంపొచ్చు. ఊరి పేరు రాసి చెట్టు గుర్తు వదిలెయ్యొచ్చు.

దాచేవారు: దాచేది ఏ జాతిని? ఏది ప్రమాదంలో ఉందో నిర్ణయించేది ఎవరు? లోకమంతటికీ మామూలైన బాతే మన చెరువులో వల వేసేవాడికి కూర. ఆ జాబితాలో దాని పేరుండదు. ఎక్కడ ఎన్ని వాలాయో ఫోన్‌లో తారీఖుతో సహా చూపిస్తే, ఆదివారం పొద్దున్నే వల పట్టుకుని వెళ్ళడానికి వాడికి ఇంకేం కావాలి? 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ఉంది, కాదనను. రాత్రిపూట తంపర గట్టు మీద ఎంతమంది గార్డులు తిరుగుతున్నారో మీకూ తెలుసు.

రాసేవారు: వేటగాడికి మన ఫోన్ అక్కర్లేదు. వాడికి ఆ గట్టు మనకంటే ఎక్కువ తెలుసు. దాచడం వల్ల తెలియకుండా పోయేది కాపాడేవాళ్ళకే. నాగాలాండ్ చూడండి. 2012లో దొయాంగ్ జలాశయం దగ్గర అముర్ డేగల్ని వలలతో వేలకొద్దీ పట్టి చంపుతున్నారని చోటు పేరుతో, వీడియోతో బయటపెట్టారు. మరుసటి ఏడాదే ఆ ఊళ్ళు వేట మానేశాయి. ఆ నవంబరులోనే మూడు డేగలకి ఉపగ్రహ ట్రాన్స్‌మీటర్లు కట్టారు. అవి మన తెలుగు నేల మీదుగా వెళ్ళి, అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా చేరాయి. మన నెత్తి మీంచి ఇంత ప్రయాణం సాగుతోందని అప్పుడు కదా మనకి కళ్ళకి కట్టింది. గుట్టుగా ఉంచి ఉంటే ఆ వలలు ఇంకా ఆడుతూనే ఉండేవి.

దాచేవారు: మానేసింది ఎవరు? ఆ ఊళ్ళే. వీడియో సిగ్గు పుట్టించి ఉండొచ్చు. వద్దని తీర్మానం చేసింది మాత్రం ఊరి పెద్దలు, చర్చి, అక్కడి సంఘాలు. నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే. రాయండి. నేను వద్దనడం మానేశాను, గమనించారా? కానీ ముందు ఊరికి రాయండి. తేలుకుంచిలో ఎన్ని గూళ్ళో తేలుకుంచి పంచాయతీ ఆఫీసులో తెలుగులో ఒక పుస్తకం ఉండాలి. బడిపిల్లలు ఏటా అందులో రాయాలి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు ఎందుకుంటుందో, ఆ సందుతో జారే నత్తని ఎలా పట్టుకుంటుందో, మన మడిలో మందు కొడితే దానికి తిండి ఎలా పోతుందో అందులోనే ఉండాలి. అందులోంచి ఏది బయటికెళ్ళాలో ఊరు చెప్పాలి.

రాసేవారు: ఊరు వద్దంటే?

దాచేవారు: పంపకూడదు.

రాసేవారు: అక్కడ నేను మీతో రాలేను. ఊరంటే ఎవరు? చెరువు లీజుకి పట్టినవాడా, ఉప్పుమళ్ళ సొంతదారా, తాగుడు దగ్గర చేరే జట్టా, గూళ్ళ కింద రెట్ట కడుక్కునే ఇల్లాలా? భూమి రేటు పెరుగుతుందంటే రేపు ఆ పుస్తకమే మాయం కావొచ్చు. ఒక ప్రతి ఎవరి చేతికీ అందని చోట ఉండాలి.

దాచేవారు: ఉండనివ్వండి. చెట్టు గుర్తు లేకుండా ఉండనివ్వండి.

రాసేవారు: గూళ్ళకి ఒప్పుకున్నాను. మేతకి దిగే తంపరకి ఒప్పుకోను. అక్కడ కచ్చితమైన గుర్తు లేకపోతే ఏ కోర్టూ వినదు.

దాచేవారు: దాని మీద ఇంకా ఆలోచిస్తాను. జనవరిలో నీటిపక్షుల లెక్కన్నారు కదా, నౌపడకి ఎవరు వెళ్తున్నారు?

రాసేవారు: నేను వెళ్తాను. కొవ్వాడ తీరానికి ఎవరూ లేరు. ఉప్పుమళ్ళల్లో పనిచేసేవాళ్ళూ, జాలర్లూ, మన కాలేజీల పిల్లలూ, ఎవరొచ్చినా సరే. బైనాక్యులర్లు లేకపోయినా పర్వాలేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు తెచ్చుకోండి.